వేలం ధర సరే, మోకాలి మాటేమిటి?

తెలుగు టైటాన్స్ ఈసారి ఎవరిని నిలుపుకోవాలి? ఎవరిని వదులుకోవాలి? వదులుకుంటే చేతిలో ఎంత సొమ్ము మిగులుతుంది? ఆటలు లేని నెలల్లోనే మన ప్రాంతంలో ఈ చర్చ ఎక్కువగా వినవస్తుంది. మ్యాచ్‌లు జరిగేటప్పుడు కళ్ల ముందు ఆట ఉంటుంది. అవి ముగిశాక అంకెలు మిగులుతాయి. గణపవరం సెంటరులో టీ కొట్టు వద్ద కాసేపు నిలిచి వినండి. చేపల ధర, ధాన్యం ధర మాట్లాడుకున్న నోటితోనే రైడర్ల ధర కూడా మాట్లాడుకుంటారు. ‘ఫైనల్ బిడ్ మ్యాచ్’ కార్డు ఎప్పుడు వాడాలో, అంటే వేలంలో పలికిన చివరి ధరకే పాత జట్టు తన ఆటగాడిని ఎలా తిరిగి దక్కించుకోవచ్చునో, మన కుర్రవాళ్లు అరటిపండు ఒలిచినట్లు వివరిస్తారు. తమ తండ్రి బి.పి. మాత్ర ఏ పూట వేసుకోవాలో అంత స్పష్టంగా చెప్పగలవారు వారిలో ఎందరో నాకు సందేహమే.

ఈ చర్చను నేను తప్పుపట్టను. కబడ్డీ ఆడేవాడికి నాలుగు డబ్బులు వస్తున్నందుకు సంతోషించవలసినదే. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు వేలంలో అత్యధిక ధర పలికినవాడు రాకేశ్ కుమార్. పట్నా జట్టు అతనికి ఇచ్చినది 12.80 లక్షలు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018లో, మోనూ గోయత్‌కు హర్యానా 1.51 కోట్లు ఇచ్చింది. 2023లో పవన్ సెహ్రావత్‌ను మన టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. హాకీలో సైతం ఇదే వరుస. 2024లో హాకీ ఇండియా లీగ్ తిరిగి ప్రాణం పోసుకున్నప్పుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు పలికింది. ఒకప్పుడు రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం దొరికితే చాలుననుకున్న ఆటగాళ్లకు ఇది చిన్న మార్పు కాదు.

నా అభ్యంతరం వేరు. ఇన్ని అంకెలు చెప్పుకునే మనం, ఆ ధర దేనికి కడుతున్నామో ఒక్కమాటైనా అనుకోము. పవన్ సెహ్రావత్ కథనే చూడండి. 2022 వేలంలో తమిళ తలైవాస్ అతనికి 2.26 కోట్లు పెట్టింది. అది ఆనాటికి రికార్డు. అక్టోబరులో సీజను మొదలైంది. తొలి మ్యాచ్‌లోనే, గుజరాత్‌పై ఆడుతూ, అతని మోకాలికి గాయమైంది. ఆ సీజనులో అతడు మరి కోర్టులో అడుగు పెట్టలేదు. ఆనాటి చర్చలు నాకు బాగా గుర్తున్నాయి. “రెండుకోట్ల పాతిక బూడిదలో పోసిన పన్నీరు” అన్నవారే ఎక్కువ. ఆ మోకాలు ఎలా ఉంది, మళ్లీ ఆడగలడా అని అడిగినవారు తక్కువ. మరుసటి ఏడు అక్టోబరులో అతడే భారత జట్టుకు నాయకుడై హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చాడు. ఆ వెంటనే వేలంలో టైటాన్స్ పాత రికార్డును బద్దలు కొట్టింది. ఆ సీజనులో 22 మ్యాచ్‌లకు రెండే గెలిచాము. అప్పుడూ మన లెక్క, గెలుపు ఒక్కింటికి ఎంత పడిందన్నదే. 2025 వేలానికి వచ్చేసరికి అతని ధర 59.50 లక్షలు. ధర పడిపోవడానికి కారణాలు అనేకం ఉంటాయి. వయసూ గాయాలూ ఆటగాడి ధరను ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటాయి.

మోకాలి లోపల ముందువైపు క్రూసియేట్ లిగమెంటు అని ఒకటి ఉంటుంది. వైద్యులు ఏసీఎల్ అంటారు. పొడవులో మన చిటికెన వేలికన్నా చిన్నది. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచే తాడు అది. కూతకు వెళ్లినవాడు చేసే పని ఏమిటో గమనించండి. పరుగున పోయి ఒక్కసారిగా ఆగుతాడు, పాదం నేలకు తాటించి ఒళ్లు పక్కకు తిప్పుతాడు, అదే క్షణంలో ఇద్దరు చీలమండ పట్టుకుంటారు, మూడోవాడు నడుముపై పడతాడు. పాదం కదలదు, శరీరం తిరుగుతుంది. ఆ మెలిక అంతా ఆ చిన్న తాడుపైనే పడుతుంది. తెగినప్పుడు ‘టప్’మని శబ్దం వినబడిందని చాలామంది రోగులు నాతో చెప్పారు. రెండు మూడు గంటలలోనే మోకాలు కొబ్బరిబొండంలా ఉబ్బుతుంది.

అసలు ప్రమాదం ఆ తరువాత మొదలవుతుంది. వారం పది రోజులకు వాపు తగ్గుతుంది, నడక వస్తుంది. కుర్రవాడు ‘బెణికింది, తగ్గిపోయింది’ అనుకుంటాడు. తిన్నగా నడిచినంతసేపూ ఏ బాధా ఉండదు. మళ్లీ ఆటకు దిగి పక్కకు తిరగగానే మోకాలు జారిపోతుంది. అలా జారిన ప్రతిసారీ లోపలి మెత్తని గాదెలు, మెనిస్కస్ అంటారు వాటిని, కొంచెం కొంచెం చిరుగుతాయి. అరవైలో రావలసిన కీళ్ల అరుగుదల ముప్పై అయిదుకే వస్తుంది.

లీగులో ఆడేవాడికి ఇది జరిగితే ఆ రాత్రే ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఫిజియోథెరపిస్టు ఉంటాడు, శస్త్రచికిత్స చేసే నిపుణుడు ఉంటాడు. తిరిగి ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు ఆగడం మంచిదని, ముందే దిగితే మళ్లీ తెగే ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ తొమ్మిది నెలలూ దగ్గరుండి చూసుకునేవారు లీగు ఆటగాడికి ఉంటారు. మరి మన ఊళ్లలో?

సంక్రాంతి వచ్చిందంటే కొల్లేటి పల్లెల నుండి ఉండి, భీమవరం వరకు కబడ్డీ పోటీలే. అక్కడ కూడా చిన్నపాటి వేలం నడుస్తుందని మీకు తెలియనిది కాదు. మంచి రైడరు ఉన్నాడంటే పక్క జిల్లా నుండైనా మాట్లాడుకుని తెచ్చుకుంటారు: రోజుకింత, గెలిస్తే ఇంకింత, రానుపోను ఖర్చులు, రాత్రి భోజనం. ఒప్పందం అంతటితో సరి. ఫ్లడ్ లైట్ల వెలుగులో రాత్రి పది నుండి తెల్లవారుజాము దాకా ఒకే కుర్రవాడు మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడతాడు. లీగులో ఒక మ్యాచ్ నలభై నిమిషాలు. అదీ మ్యాట్ మీద. ఇక్కడ నీళ్లు చల్లి తొక్కించిన నేల, చలికి బిగుసుకున్న కండరాలు. నొప్పి అంటే ఆర్.ఎం.పి. వద్ద డైక్లో ఇంజెక్షను వేయించి మళ్లీ దింపుతారు. నొప్పి తెలియని మోకాలితో ఆడించడమంటే హారన్ వైరు పీకేసి బస్సును ఘాటు రోడ్డుపైకి పంపడమే.

ఒక సంక్రాంతి మరునాడు నా వద్దకు ఇరవై రెండేళ్ల కుర్రవాడిని మోటారు సైకిలుపై తెచ్చారు. చెరువుల మీద కూలి పని చేసేవాడు. మోకాలు ఉబ్బి ఉంది. ముందు రాత్రి రెండో మ్యాచ్‌లో దెబ్బ తగిలింది, ఇంజెక్షనుతో మూడోది కూడా ఆడాడు. అతనికి ఇస్తామన్న సొమ్ములో సగమే ఇచ్చారట, ఫైనలు ఆడలేదు గనుక. పరీక్షకు, శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చు విని తండ్రి ఏమీ మాట్లాడలేదు. శస్త్రచికిత్స జరగలేదు. ఆ కుర్రవాడు ఆ తరువాత చెరువు గట్టుపై మేత బస్తా మోయలేకపోయాడు. గట్టు మీద కాలు పక్కకు పడితే మోకాలు నిలవదు. ఆ పోటీలో గెలిచిన జట్టుకు ఎంత బహుమతి ఇచ్చారో ఊరంతటికీ తెలుసు.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. అదే పండుగకు బరిలోకి దిగే పందెం కోడికి నెలల ముందు నుండే బాదం, జీడిపప్పు, కీమా. పొద్దున్నే ఈత, వేడినీళ్ల కాపడం, ఒళ్లు పట్టడం. కూతకు వెళ్లే మనిషికి అందులో సగం శ్రద్ధ పెట్టినా నేను ఈ వ్యాసం రాసేవాడిని కాను.

చేయగలిగినవి పెద్ద పనులు కావు. ఫుట్‌బాల్‌లో ‘ఫిఫా 11+’ అనే ఇరవై నిమిషాల సన్నాహ వ్యాయామం గాయాలను మూడోవంతు వరకు తగ్గించినట్లు పరిశోధనల్లో తేలింది. ఎగిరి దిగడం, ఒంటికాలిపై నిలవడం, తొడ వెనుక కండరాన్ని బలపరచడం, అంతే. పైసా ఖర్చు లేదు, కబడ్డీకీ పనికివస్తుంది. రాత్రికి ఒక ఆటగాడు రెండు మ్యాచ్‌లకు మించి ఆడరాదని నిర్వాహకులు నియమం పెట్టవచ్చు. మోకాలు ఉబ్బినవాడిని ఆ రాత్రి మళ్లీ దింపరాదని మరొకటి. బహుమతి సొమ్ములో పదోవంతు పక్కన పెట్టి గాయపడినవాడి ఎం.ఆర్.ఐ.కి వాడితే చాలు; మిగిలితే మరుసటి ఏడుకు ఉంటుంది. ఇది దానమని ఎవరూ అనుకోనక్కరలేదు. కొన్న జట్టే బాగోగులు చూడాలన్నది లీగులో పద్ధతి, మన ఊరి జట్టుకూ అదే వర్తించాలి.

మీరు చందా ఇచ్చే పోటీ అయితే ఈ మాటలు అడిగే హక్కు మీకు ఉన్నది. ఫలానా రైడరును ఎంతకు తెస్తున్నారని కమిటీని ఎలాగూ అడుగుతారు. అతని కాలు మెలిక పడితే ఖర్చు ఎవరిదని కూడా చందా పుస్తకం తెరిచి ఉండగానే అడగండి. మీ ఇంట్లోనే కూతకు వెళ్లేవాడు ఉంటే మాత్రం ఇది గుర్తుంచుకోండి: ‘టప్’మన్న శబ్దం, రెండు మూడు గంటల్లో వాపు, ఈ రెండూ కలిస్తే మర్దన చేయించవద్దు. కాలు ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసును పదిహేను నిమిషాల చొప్పున ఉంచి, బరువు మోపనీయకుండా ఎముకల వైద్యునికి చూపించండి. వాపు తగ్గి నడక వచ్చినా సరే, చూపించండి.