ఎనిమిది మందిలో ఒకడు

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క కూతురు ఫోన్ చేసింది. విజయవాడలో ఎంబీఏ రెండో ఏడాది, హెచ్చార్ తీసుకుంది.

"మామయ్యా, ప్రాజెక్టుకి ఏదైనా టాపిక్ చెప్పవా? మానవ వనరుల నిర్వహణలో ప్రస్తుత సమస్యలు అని ఇచ్చారు. నువ్వు ఇన్నేళ్ళ నుంచి ఆ కంపెనీల్లోనే ఉన్నావుగా" అంది.

వనరులు అనే మాట వింటే నాకు బొగ్గు, ఇనప ఖనిజం గుర్తొస్తాయి. అయినా మనకి నవ్వే హక్కు లేదు లెండి. "ఇద్దరు రిసోర్సులు కావాలి" అని మెయిల్ కొట్టేది మనమే కదా!

తను అప్పటికే ఒక జాబితా రాసుకుంది. అట్రిషన్, ఇంటి నుంచి పని, మూన్‌లైటింగ్, 90 రోజుల నోటీసు పీరియడ్, ఏఐ. అన్నీ ఉన్న సమస్యలే. ఒక్కోదాని మీద నాలుగు పేజీలు రాసి, ఓ యాభై మందితో ప్రశ్నావళి నింపించి, పై చార్టులు గీసి, స్పైరల్ బైండింగ్ చేయిస్తే మార్కులొచ్చేస్తాయి. అంత ఓపిక కూడా లేనివాళ్ళకి అమీర్‌పేట ఉండనే ఉంది.

"అన్నీ వద్దుగానీ ఒక్కటే పట్టుకో. బెల్ కర్వ్" అన్నాను.

"అది పాతదైపోయింది మామయ్యా. కంపెనీలన్నీ తీసేశాయని మా సారు చెప్పారు."

ఆ సారు చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. జీఈ కంపెనీకి 1981 నుంచి 2001 దాకా సీఈఓగా ఉన్న జాక్ వెల్చ్ 20-70-10 అనే లెక్కని ప్రపంచం మీదకి వదిలాడు. పైన 20 శాతం మంది ఆణిముత్యాలు, మధ్యలో 70 శాతం మంది పనికొచ్చేవాళ్ళు, కింద 10 శాతం మంది వెళ్ళిపోవాల్సినవాళ్ళు. మిగతా కంపెనీలు కూడా ఇలాంటి లెక్కల్నే పట్టుకున్నాయి. చివరికి 2013 నవంబర్లో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతి మానేస్తున్నామని ప్రకటించింది. మనవైపు ఇన్ఫోసిస్ 2015లో వదిలేసింది. కానీ నన్నడిగితే పేరు పోయినంత తేలిగ్గా అలవాటు పోలేదు. హైకుల బడ్జెట్ అనే సంచీ ముందే కుట్టేసి ఉంటుంది. అందులో పట్టాలంటే ఎవరినో ఒకరిని కిందకి తొయ్యాలి. దాన్ని కర్వ్ అనకుండా "కాలిబ్రేషన్" అంటే సరిపోతుందా?

సరే, ముందు లెక్క సంగతి చూద్దాం, మనం ఇంజినీర్లం కాబట్టి.

కంపెనీ మొత్తంలో నిజంగానే 10 శాతం మంది సరిగ్గా పనిచెయ్యట్లేదనుకుందాం. వాళ్ళు టీముల్లోకి ఎలా పడితే అలా వెళ్ళారనుకుందాం. ఎనిమిది మంది ఉన్న టీములో అలాంటివాళ్ళు ఒక్కరూ లేకుండా ఉండే అవకాశం ఎంత? 0.9ని ఎనిమిదిసార్లు గుణించండి. 0.43 వస్తుంది. అంటే 100 టీముల్లో 43 టీముల్లో కిందకి తొయ్యాల్సినవాళ్ళు ఒక్కరూ లేరు. సరిగ్గా ఒక్కరే ఉన్నవి 38. ఇద్దరు, అంతకన్నా ఎక్కువ ఉన్నవి 19. "టీముకొకరి పేరు ఇవ్వండి" అనే రూలు 38 చోట్లే సరిపోతుంది, మిగతా 62 చోట్ల తప్పు. ఇలాంటి కోడ్ రాస్తే టెస్టింగు వాళ్ళు తిప్పి మన మొహాన కొడతారు!

పైగా మనుషుల పనితనం అసలు గంట ఆకారంలో ఉంటుందని ఎవరు చెప్పారు? 2012లో ఎర్నెస్ట్ ఒబాయిల్, హెర్మన్ అగ్వినిస్ అనే ఇద్దరు పరిశోధకులు శాస్త్రవేత్తలు, నటులు, రాజకీయ నాయకులు, క్రీడాకారులు, ఇలా ఆరు లక్షల మందికి పైగా మనుషుల ఫలితాలు తీసి చూశారు. ఎక్కువ చోట్ల గంట కనపడలేదు. కొద్దిమంది చాలా పైన, మిగతావాళ్ళంతా ఒక గుంపుగా కనపడ్డారు. అందులో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు లేరనుకోండి. అయినా ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు పెట్టి ఏరుకున్న ఎనిమిది మంది మీద గంట బోర్లించే ముందు ఒకసారి ఆలోచించాలా వద్దా?

ఇదంతా చెప్పాక మా పిల్ల అడిగింది, "నువ్వెప్పుడైనా ఎవరికైనా అలా వేశావా మామయ్యా?" అని.

వేశాను.

2011. టీం లీడ్ అయిన మొదటి ఏడాది. కంపెనీ పేరు వద్దు, అప్పట్లో చాలాచోట్ల అదే వరస. నా కింద ఎనిమిది మంది. మార్చిలో ఒక గదిలో అయిదుగురు లీడ్లం, ఒక మేనేజరు, గోడ మీద ఎక్సెల్ షీటు. "ఒక్కొక్కరూ ఒక డి ఇవ్వాలి" అన్నాడు మేనేజరు. ఒకాయన తన డి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, అరిచాడు, నెగ్గాడు. నాకు అరవడం రాదు.

మా టీములో రాత్రిపూట సపోర్టు చూసే కుర్రాడు ఒకడుండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, నెమ్మదస్తుడు. వాడి పని ఎలాంటిదంటే, బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఎవరికీ వాడి పేరు తెలియదు. ఆ గదిలో వాడి పేరు చెప్తే అడ్డుపడేవాళ్ళు లేరు. అందుకని వాడి పేరు చెప్పాను. అంతే, ఇంకే కారణమూ లేదు.

కారణం తర్వాత రాశాను. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి, చొరవ చూపాలి" అని. మీరూ ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు ఈ వాక్యాలు.

వాడికి చెప్పేటప్పుడు గొడవ చేస్తాడేమోనని భయపడ్డాను. చెయ్యలేదు. "అన్నా, ఎక్కడ తప్పు చేశానో ఒక్కటి చెప్పండి, వచ్చే ఏడాదికి దిద్దుకుంటాను" అన్నాడు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. మళ్ళీ అదే కమ్యూనికేషన్ గురించి పది నిమిషాలు మాట్లాడాను. వాడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. మూడు నెలల్లో మానేశాడు. తర్వాత రాత్రి రెండింటికి ఫోన్లు నాకు రావడం మొదలైంది, అది వేరే సంగతి.

అవతలి వాదన కూడా నాకు తెలుసు. కర్వ్ లేకపోతే ప్రతి లీడూ తన వాళ్ళందరికీ ఎ ఇచ్చేస్తాడు, నిజంగా పని ఎగ్గొట్టేవాడు హాయిగా బతికేస్తాడు, వాడి పని పక్కవాడు చెయ్యాలి. ఇది నిజం. మెతక మేనేజర్లు ఉంటారు, నేనూ ఒకణ్ణి. డబ్బు కూడా అందరికీ సరిపడా ఉండదు, అదీ నిజమే.

కానీ డబ్బు చాలకపోవడం వేరు, మనిషి చాలకపోవడం వేరు. "ఈసారి బడ్జెట్ ఇంతే వచ్చింది, నీకు తక్కువే ఇవ్వగలుగుతున్నాం" అంటే వాడు కోప్పడతాడు, మహా అయితే వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు. తన మీద తనకి నమ్మకం మాత్రం ఉంటుంది. "నువ్వు పనికిరావు" అన్నామంటే అబద్ధం చెప్పి వాడి నమ్మకాన్ని కూడా లాక్కున్నట్టు. సంచీ చిన్నదైంది కాబట్టి నీ చెయ్యి వంకర అన్నట్టుంటుంది.

అంచేత ఆ గదిలోకి వెళ్ళే లీడ్లకి నేను చెప్పేవి రెండే. ఒకటి, అంకె వేసేముందు కారణం రాయండి. ఏడాది పొడుగునా ఎప్పటికప్పుడు, తేదీతో సహా. కారణం రాయలేకపోతే ఆ అంకె వెయ్యకండి. రెండు, పైనుంచి బలవంతంగా వేయించారనుకోండి, అది కోటా అని ఆ మనిషికి చెప్పండి. చెప్పకూడదని హెచ్చార్ అంటుంది. అయినా చెప్పండి. అవతలివాడు లేని తప్పు కోసం ఏడాదంతా వెతుక్కోకుండా ఉంటాడు.

మా మేనకోడలికి కూడా అదే చెప్పాను. "సంతృప్తిగా ఉన్నారా, ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి" అని యాభై మందిని అడగొద్దమ్మా. రేటింగులు ఇచ్చిన పదిమంది లీడ్లని పట్టుకో, పేర్లు రాయనని మాటివ్వు. ఒక్కటే అడుగు: "ముందు అంకె వచ్చిందా, కారణం వచ్చిందా?" కింద రేటింగు పడ్డ పదిమందిని కూడా అడుగు, వాళ్ళకి చెప్పిన కారణం ఇప్పటికీ గుర్తుందా అని. ఆ ఇరవై జవాబులు చాలు, ప్రాజెక్టుకి.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే మామయ్యా, మొదటి లీడ్ నువ్వే అయితే, చెప్పు. అంకె ముందా, కారణం ముందా?" అంది.

"అంకె" అన్నాను. అటువైపు పెన్ను చప్పుడు వినపడింది.