ఏ.సి. ఎప్పుడు వేయాలి? కిటికీ ఎప్పుడు తీయాలి?



ఏ.సి. మన పల్లెలలోనికి కూడా వచ్చింది. ఒకప్పుడు పట్టణంలో డాక్టరుగారి గదిలోనో, బ్యాంకులోనో చూచిన పెట్టె ఇప్పుడు మన వీధిలోని డాబా ఇంట్లో కనబడుతున్నది. హైదరాబాదులోనో, గల్ఫులోనో పనిచేసే కొడుకు కొనిచ్చింది కావచ్చు, కూతురు నెలనెలా వాయిదాలు కట్టి పంపింది కావచ్చు. పెట్టె గోడకెక్కిన తరువాత ఇంట్లో తగవు మొదలవుతుంది. మామగారు కరెంటు బిల్లు చూచి రిమోటును దిండు క్రింద దాస్తారు. మనవడు బడి నుండి రాగానే 18కి పెడతాడు. అత్తగారికి ఆ గాలి సూటిగా తగిలితే మోకాళ్ళు పట్టుకుంటాయి. మధ్యలో కోడలు నలిగిపోతుంది.

నడివేసవిలో ఈ తగవు అంతగా ఉండదు. అందరికీ ఉడుకే గనుక అందరూ ఒక మాట మీద ఉంటారు. చిక్కంతా వాతావరణం మారే రోజులలోనే. ఏప్రిల్ చివర ఈదురుగాలితో అకాల వర్షం పడినప్పుడు, రోహిణి కార్తె వెళ్ళి మృగశిర వచ్చినప్పుడు, సెప్టెంబరు, అక్టోబరులలో వాన వెలిసి ఎండ చుర్రుమన్నప్పుడు, పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు, రాత్రికి మరొక తీరు. అటువంటి రోజులలో కేలండరు చూచి గాని, టీవీలో చెప్పిన డిగ్రీలు చూచి గాని ఏ.సి. సంగతి తేల్చుకోవడం కుదరదు. డిగ్రీలు సగం మాటే చెబుతాయి. మిగతా సగం గాలిలోని తేమ చెబుతుంది.

మన దేహం చల్లబడేది చెమట ఆరడం వలన. చెమట కారినందువలన కాదు, ఆరినందువలన. అనంతపురంలో 40 డిగ్రీల పొడి ఎండలో చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. నీళ్ళు త్రాగుతూ నీడను ఉంటే ఆరోగ్యవంతుడు తట్టుకోగలడు. మచిలీపట్నంలో 36 డిగ్రీలే ఉన్నా, సముద్రపు తేమతో గాలి నిండి ఉంటే చెమట ఆరక వంటినే అంటుకొని ఉంటుంది. లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. వాతావరణ శాఖవారు కూడా ఈ తేడాను గుర్తించారు. వడగాలి అని ప్రకటించడానికి మైదాన ప్రాంతాలలో కనీసం 40 డిగ్రీలు ఉండాలని, కోస్తాలోనైతే 37 డిగ్రీలు చాలునని వారి లెక్క. (ఆ కాలానికి మామూలుగా ఉండే దానికంటె నాలుగున్నర డిగ్రీలైనా పెరిగి ఉండాలన్నది రెండింటికీ వర్తిస్తుంది.)

తేమను కనిపెట్టడానికి పరికరం కొననక్కరలేదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు జాడీ చూడండి. ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టిందా? పొద్దున వేయించిన అప్పడం మధ్యాహ్నానికి మెత్తబడిందా? దండెం మీది బట్టలు సాయంత్రానికి కూడా ఆరలేదా? తలుపు చెక్క ఉబ్బి బిగుసుకున్నదా? అయితే గాలి తడిగా ఉన్నట్లే. ఉప్పు పొడిపొడిగా ఉండి, పెదవులు పగులుతూ, బట్టలు గంటలో ఆరిపోతుంటే గాలి పొడిగా ఉన్నట్లు.

కూలరుకు, ఏ.సి.కి తేడా ఇక్కడే తెలుస్తుంది. కూలరులో తడిసిన గడ్డిమేటు గుండా గాలి వచ్చేటప్పుడు నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. పూర్వం వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లినది కూడా ఇదే పని. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. కనుక కర్నూలులో, ఆదిలాబాదులో ఏప్రిల్ నెలలో కూలరు దివ్యంగా పనిచేస్తుంది. అదే కూలరు కాకినాడలో, లేదా మృగశిర దాటిన తరువాత ఎక్కడైనా, చల్లదనం ఇవ్వక జిడ్డు మాత్రమే ఇస్తుంది. మరొక మాట: కూలరు వేసినప్పుడు ఎదుటి కిటికీ తెరచి ఉండాలి, లేకపోతే తడిగాలి గదిలోనే చిక్కుకుంటుంది. ఏ.సి. వేసినప్పుడు తలుపులన్నీ మూసి ఉండాలి. రెండూ ఒకే గదిలో కలిపి వేసేవారు ఉన్నారు! కూలరు ఎక్కించిన తేమను ఏ.సి. దించుతూ ఉంటుంది, బిల్లు మీరు కడుతూ ఉంటారు.

ఏ.సి. పుట్టిందే తేమను తీయడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయంలో వేసవి తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద మరొక రంగు సరిగా పడేది కాదు. విల్లిస్ కేరియర్ అనే యువ ఇంజనీరు ఆ తేమను అదుపు చేయడానికి చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపే ఏర్పాటు చేశాడు. మనుషులకు హాయి తరువాత వచ్చింది, ముందు కాగితానికి వచ్చింది. ఈనాటికీ పద్ధతి అదే: లోపలి చల్లని గొట్టాల మీద గాలిలోని తేమ నీరై, సన్నని గొట్టం ద్వారా బయట కారుతుంది. ఆ గొట్టం క్రింద ఒక బకెట్టు పెట్టి చూడండి. పొడి రోజున చుక్కలే పడతాయి, తడి రోజున బకెట్టు నిండుతుంది. అన్ని నీళ్ళు మీరు పీల్చే గాలిలో నుండి తీసినవే. (ఆ నీటిని మొక్కలకు పోయండి, ఇల్లు తుడవండి. ఇన్వర్టరు బ్యాటరీలో మాత్రం పోయవద్దు. గొట్టాల మీది దుమ్ము, లోహపు మలినం అందులో ఉంటాయి.)

కనుక నేను చెప్పేది కొందరికి తలక్రిందులుగా తోచవచ్చు. ఏప్రిల్‌లో నంద్యాల వైపు పగలు 42 డిగ్రీలు కాసినా, రాత్రి పది దాటాక బయట గాలి పొడిగా, చల్లగా తిరుగుతుంటే ఏ.సి. ఆపి కిటికీలు తీయండి. జూన్ చివర వాన పడిన మరునాడు, 33 డిగ్రీలే కదా అనిపించినా, తడి నేల మీద ఎండ కాసి ఊరంతా ఆవిరి పట్టినట్లు ఉంటే అది ఏ.సి. వేయవలసిన రోజు. ఎండ చూచి భయపడేవారమే గాని ఉక్కను మనం లెక్కచేయము.

వాన పడే వేళ ఇంకొక సంగతి. ఈదురుగాలి వచ్చిన అరగంటలోనే బయట చల్లబడుతుంది, ఇంట్లో చల్లబడదు. పగలంతా ఎండ త్రాగిన సిమెంటు స్లాబు అర్ధరాత్రి వరకు ఆ వేడిని క్రిందికి వదులుతూనే ఉంటుంది. అందుకే వాన వెలిసిన సాయంత్రం కూడా తలుపులు మూసి ఏ.సి. వేసుకుంటాము, అది స్లాబుతో పోరాడుతూ ఉంటుంది. గడపలో నిలబడి చూడండి. లోపలికంటె బయట చల్లగా ఉంటే ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను బయటివైపు త్రిప్పి పెడితే లోపలి వేడిగాలిని నెట్టివేస్తుంది. రేకుల ఇల్లు త్వరగా కాగి త్వరగా చల్లారుతుంది గనుక వానతోనే మారిపోతుంది. డాబా మీద వేసవికి ముందు తెల్లసున్నమో, తెల్లని పెయింటో వేసుకుంటే స్లాబు అంతగా కాగదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కొరకు ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇంట్లో రిమోటు ఎవరి చేతిలో ఉండాలి? జీతం తెచ్చేవారి చేతిలో కాదు, పట్టుబట్టి ఏడ్చేవారి చేతిలోనూ కాదు. ఆ ఇంట్లో అందరికంటె బలహీనమైన దేహం ఎవరిదో వారిని చూచి నిర్ణయించుకోవాలి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఎండలో కూలిపని చేసినవారు, వయస్సు మీరినవారు వారిలో ఎక్కువ. వృద్ధులు ఎండలోకి వెళ్ళకుండానే, ఇంట్లో మంచం మీదనే వడదెబ్బ తినవచ్చు. వయస్సు పెరిగినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది. బి.పి.కి, గుండెకు వాడే నీటి మాత్రలు ఒంట్లోని నీటిని ఇంకా తీసివేస్తాయి. "నాకేమీ ఉక్కగా లేదమ్మా" అని అత్తగారు అంటే అది నిజంగానే ఆమెకు తెలియకపోవడం కావచ్చు. లేక కొడుకు బిల్లు కట్టలేడని దాచడం కావచ్చు. మన తల్లులు రెండవ పని ఎంత తరచుగా చేస్తారో మీకు తెలుసు. మాట వినవద్దు, చేయి పట్టుకొని చూడండి. చర్మం వేడిగా ఉన్నదా, నాలుక ఎండిందా, మూత్రం తగ్గి ముదురు పసుపు రంగులో వస్తున్నదా?

రాత్రి మరీ ముఖ్యం. పగలు కాగిన దేహం రాత్రి చల్లారాలి. వరుసగా మూడు నాలుగు రాత్రులు చల్లారకపోతే గుండె అలసిపోతుంది. అందుకే కోస్తాలో ఉక్క రాత్రులలో పెద్దవారి గదిలో పడుకొనేముందు రెండు మూడు గంటలు ఏ.సి. వేయడం, పగలు ఖాళీ హాలులో నడపడంకంటె ఎన్నో రెట్లు మేలు. గాలి మంచం మీదకు సూటిగా రాకుండా రెక్కలు పైకి త్రిప్పితే మోకాళ్ళ గొడవ చాలావరకు తీరుతుంది. ఏ.సి. లేని ఇంటివారు దిగులు పడనక్కరలేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఫ్యాను క్రింద ఉంచడం మంచి చికిత్సే. అయితే గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే వేయడం ఒంటికి వేడిగాలి కొట్టడమే అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఎవరైనా తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పినా 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపల బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

బిల్లు సంగతి. ఒకటిన్నర టన్ను ఏ.సి. ఆగకుండా పనిచేస్తే గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. మామూలు సీలింగు ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగినా ఒక్క యూనిట్ కాదు. 18కి పెడితే గది త్వరగా చల్లబడదు, మరింతసేపు యంత్రం ఆగదు, అంతే. అందుకే 2020 నుండి కొత్త ఏ.సి.లు 24 దగ్గరే మొదలయ్యేటట్లు తయారుచేయాలని కేంద్రం నియమం పెట్టింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు నూటికి ఆరు వంతులు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ లెక్క. 27 దగ్గర పెట్టి సీలింగు ఫ్యాను కూడా వేస్తే నాలుగు డిగ్రీలు తక్కువైనట్లు తోస్తుంది. ఉక్క మాత్రమే ఉండి వేడి అంతగా లేని వానకాలపు సాయంత్రాలకు రిమోటులో "డ్రై" అనే మీట ఉంటుంది. చాలామంది దానిని ఒక్కసారి కూడా నొక్కి ఉండరు. మన రాష్ట్రాలలో వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది గనుక చివర వాడిన యూనిట్లే ఎక్కువ బరువు.

గృహ కూడికలు పెట్టుకొనేవారికి ఒక సూచన. కూర్చున్న ఒక్కొక్క మనిషి నుండి దాదాపు వంద వాట్ల వేడి వస్తుంది. ఇరవైమంది గదిలో కూర్చుంటే రెండువేల వాట్లు. అంటే ఒకటిన్నర టన్ను ఏ.సి. సత్తువలో మూడవ వంతుకు పైగా మనుషులకే సరిపోతుంది. పైగా మూసిన గదిలో ఒకరి దగ్గు అందరికీ పంచినట్లవుతుంది. అటువంటప్పుడు తలుపులు బార్లా తీసి ఫ్యాన్లు వేసుకోవడం, లేదా వాకిట్లో చాపలు పరచుకోవడం మంచిది. ఏ.సి. వేసి మూసిన గదిలో దోమల చక్రం వెలిగించవద్దు. ఆ పొగ పోవడానికి దారి ఉండదు.

మెరుపులు, ఈదురుగాలి మొదలైతే ఏ.సి. ఆపి స్విచ్చు కట్టేయండి. కరెంటు వచ్చిన వెంటనే వేయక అయిదు నిమిషాలు ఆగండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏ.సి.ని ఎన్నడూ నడపవద్దు. దానికి వేరే వైరు, ఎర్తు ఉండాలి. రెండు వారాలకొకసారి జల్లెడ తీసి కడగండి.

ఇక వానలు స్థిరపడిన తరువాత కూలరుకు పని ఉండదు. దానిని నీళ్ళతోనే మూలకు నెట్టివేయడం మన ఇండ్లలో మామూలు. డెంగీ దోమ తన గుడ్లను తొట్టి గోడలకు, నీటిమట్టానికి కొంచెం పైన అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి బ్రతికే ఉండి, మరల తడి తగలగానే పొదుగుతాయి. కనుక పారబోయడం ఒక్కటే చాలదు. కొబ్బరి పీచుతో తొట్టి గోడలను గట్టిగా రుద్ది, ఎండలో ఆరబెట్టి, గడ్డిమేట్లు తీసి పారవేసి, తొట్టిని బోర్లించి పెట్టండి.