తిన్నా ఆకలేనా?

"అన్నం తిని గంట కాలేదు, మళ్లీ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తోంది" అని మనలో చాలామంది అంటుంటాం. వెంటనే పక్కనుంచి 'తిండియావ' అని ఓ విసురు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆవిడ కంచంలో ఏం పడిందో ఎవరైనా చూశారా?

ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలేది కాస్త అన్నం, గిన్నె అడుగున చారు. ముద్దపప్పు, కూర, గుడ్డు అప్పటికే ఖాళీ. కడుపు నిండిన తృప్తిని ఎక్కువసేపు నిలిపేవి మాంసకృత్తులు, పీచు. పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో పీచు పోయి పిండిపదార్థమే ఎక్కువ. వట్టి చారుతో అదే తింటే త్వరగా అరిగి మళ్లీ ఆకలేయదూ! పైగా పొట్ట నిండిన కబురు మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందంటారు. స్టవ్ గట్టు దగ్గర నిలబడి 5 నిమిషాల్లో మింగేస్తే ఆ కబురు ఎప్పుడందాలి? ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుక్కున్నారు. నిద్ర తగ్గితే అది పెరుగుతున్నట్టు తర్వాత కొన్ని పరిశోధనల్లో కనిపించింది. తెల్లారకుండానే లేచి, రాత్రి అందరికంటే ఆఖర్న నడుం వాల్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

అందుకే అందరూ కలిసి కూర్చుని తినాలంటాను. అది కుదరని ఇళ్లలో వండగానే మన వాటా పప్పు, కూర ఓ గిన్నెలో తీసి పెట్టుకుందాం. "దాచుకు తింటోంది" అంటే అననివ్వండి. సరిగ్గా తిన్నా ఆకలి తీరక, దాహం పెరిగి, బరువు తగ్గుతుంటే మాత్రం షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడకండి.