కొలువుకు ముందే అప్పు బరువు

పినపాక: ఇంటర్ బై.పి.సి. ముగించిన ఏజెన్సీ యువతకు రెండేళ్ళ లాబ్ టెక్నీషియన్ డిప్లొమా త్వరగా కొలువిచ్చే చదువుగా కనిపిస్తోంది. అయితే ఫీజుకు తెచ్చే అప్పు ఎలాంటిదన్న దానిపైనే కుటుంబ లాభనష్టాలు ఆధారపడి వున్నాయి.

లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీయే 2,000. చదువు ముగిసేనాటికి బాకీ 1,48,000కు చేరుతుంది. ప్రైవేటు లాబులో 10,000 జీతం వచ్చినా, అయిదో వంతు వడ్డీకే పోతుంది, అసలు తరగదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ పలు పోస్టులు కాంట్రాక్టువే.

ఫీజు రీయింబర్స్‌మెంటునే నమ్ముకోవడానికీ లేదు. ఆ బకాయిల కోసమే 2025 నవంబరులో రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి.

బ్యాంకు విద్యారుణం తీరు వేరు. గుర్తింపు గల కోర్సుకు 4 లక్షల వరకు భూమి తనఖా అక్కరలేదు. తల్లి గాని తండ్రి గాని రుణపత్రంపై కలిసి సంతకం చేయాలి. చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదా కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రం లెక్కలో చేరుతుంది. పత్తి, మిర్చి పెట్టుబడికే అప్పు చేసే రైతుకు ఈ గడువు చిన్నదేమీ కాదు.

కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించుకోవడం, వడ్డీ వ్యాపారి గడప తొక్కే ముందు బ్యాంకు మెట్లెక్కడం మేలు.