మాటల వీరుడు

16వ శతాబ్దంలో ఇటలీలో వర్ధిల్లిన ‘కొమ్మెదియా దెల్లార్తె’ హాస్యనాటకాలలో ‘కపితానో’ అనే సేనాపతి పాత్ర ఉత్తరకుమార ప్రగల్భాలకు పెట్టింది పేరు. పొడవైన కత్తి ధరించి, వేలమంది శత్రువులను ఒంటిచేత్తో సంహరించానని పలికే ఆ వీరుడు ఆపద ఎదురుకాగానే పలాయనం చిత్తగిస్తాడు.

ఇది వట్టి వినోదం కాదు. ఆనాడు నేపుల్స్, మిలాన్ ప్రాంతాలు స్పెయిన్ ఏలుబడిలో ఉండేవి. పరాయి సైనికుల దర్పాన్ని ఎదిరించలేని ప్రజలకు, తరచు స్పెయిన్ దేశీయునిగా కనిపించే ఈ పాత్రను చూసి నవ్వడమే ఆయుధమైంది.

ఈ పాత్రధారణలో ప్రసిద్ధికెక్కిన ఫ్రాంచెస్కో ఆంద్రెయిని పూర్వం నిజమైన సైనికుడు. తురుష్కుల చెరలో ఏళ్ల తరబడి మగ్గినవాడు. భయమెరిగినవాడు కనుకనే బూటకపు ధైర్యాన్ని అంత చక్కగా ఎండగట్టగలిగాడు. భయపడడం తప్పు కాదు. ఆ భయాన్ని గొప్పలతో కప్పిపుచ్చుకోవడమే మనిషిని నవ్వులపాలు చేస్తుంది.