తొడిమ తీసే చేతికి వాటా ఏదీ?

ఎండాకాలం మొదలైతే పల్నాడులో ఏ కల్లం చూసినా మిర్చి ఎరుపే. కాయ ఆరబోయడం, తిరగేయడం, తాలు ఏరడం, తొడిమ తీయడం ఎక్కువగా ఆడకూలీల పనే. ఎన్నిసార్లు కడిగినా మంట పోని చేత్తో చంటిబిడ్డ మొహం తుడవడానికి జంకే తల్లులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఆ కాయే టిక్కీ బస్తాల్లోకెక్కి గుంటూరు యార్డుకు, కోల్డ్ స్టోరేజీకి, కారం మిల్లుకు, ఓడరేవుకు పోతుంది. ఏరిన మనిషికి దక్కేది ఆ పూట కూలి.

2025 మొదట్లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ లెక్కలో కూలీకి చోటే లేదు. కౌలు రైతు సంగతి అంతకంటే మెరుగేం కాదు. 2019 నాటి చట్టం సాగుదారు కార్డుకు భూయజమాని సమ్మతిని షరతుగా పెట్టింది. ఆ సంతకం దొరకనివాడికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం.

డ్వాక్రా మన ఆడవాళ్లకు పొదుపు నేర్పింది, బ్యాంకు గడప తొక్కించింది. కాదనం. కానీ తెచ్చిన అప్పు ఫీజులకూ ఆస్పత్రికీ పాత బాకీకీ సరిపోతుంటే దాన్ని వ్యాపారమనలేం. పేదలకు ఇంకో అప్పు కాదు, సొంత సంస్థ కావాలి.

అది ఊహ కాదు. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో పుట్టిన రైతు సహకార సంఘం ఇప్పటికీ నిలిచే ఉంది. ఆ పక్కనే ఆడవాళ్లు సొంత డెయిరీ పెట్టుకున్నారు. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే పాలించుకునే 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం వారికి ఆసరా. పాలు పోసేవారే యజమానులు, మిగులులో బోనసూ వారికే. సహకార సంఘాలకు తోడ్పడే సహవికాస సంస్థ పక్కన నిలబడి లెక్కలు నేర్పింది. మన జిల్లాలో కొరవడింది ఆ ఓపికే. బోర్డు కట్టి, ఫొటో దిగి వెళ్లిపోయేవారికి మాత్రం కొదవ లేదు.

అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మాచర్లలో చెప్పని నోరు లేదు. ఆ చాప మీదే లెక్కల పుస్తకం కూడా విప్పుకోవాలి. పొలం ఉన్న నలుగురు పెద్దలు డైరెక్టర్లయి, కూలీల వేలిముద్రలతో నడిపే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు మాకొద్దు. మేం కోరే సంఘాల పాలకవర్గంలో కౌలు రైతులు, సుగాలి తండాల వారు, దళిత మహిళలు సగానికి తగ్గకూడదు.

వచ్చే కల్లాల నాటికి మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లో ఒక్కో కారం మిల్లు ఇలాంటి సంఘాల చేతికి రావాలి. సిమెంటు కల్లం, గ్రేడింగ్ యంత్రం, కాయ కొనడానికి సీజను మొదట్లోనే పెట్టుబడి సొమ్ము జిల్లా యంత్రాంగం సమకూర్చాలి. హాస్టళ్లకూ మధ్యాహ్న భోజనానికీ కావలసిన కారం మొదట వీరి దగ్గరే కొనాలి. టెండరు నిబంధనలు అడ్డొస్తే నిబంధనలే మార్చాలి.