నడినెత్తి ఎండ, నుదుట చందనం
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో మే మొదటివారపు మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. బడి సెలవులూ అప్పుడే. క్రికెట్, కబడ్డీ ఆడి కమిలిన ముఖంతో వచ్చిన బిడ్డకు తల్లులు చందనమో, కలబంద గుజ్జో పూస్తారు. మంచిదే, మంట చల్లారుతుంది. కాని అతినీలలోహిత కిరణాలు చర్మానికి చేసిన హాని అట్లే ఉండిపోతుంది. ముందే చందనం పూసి పంపినా అది రక్షణ కాజాలదు.

ఉదయం పది నుండి సాయంత్రం నాలుగు వరకు ఆట మానిపించడమే సరియైన మార్గమని మా అభిప్రాయం. పోటీల నిర్వాహకులు ఒప్పుకోరంటారా? అడిగి చూడండి. తప్పనప్పుడు వెడల్పు అంచు టోపీ, దట్టమైన పొడవుచేతుల నూలుచొక్కా తొడిగించండి. (నేతకు పేరుపడిన గద్వాల సీమలో నూలుకు కొరతా?) చెమటకు తడిసిన పలుచని చొక్కా కిరణాలను మరింతగా లోనికి విడుస్తుంది గనుక మారుచొక్కా సంచిలో ఉంచాలి. ముఖానికి, మెడకు ఎస్.పి.ఎఫ్. 30 గల సన్‌స్క్రీన్ రెండు గంటలకొకసారి పూయాలి. చెవులను మరువకండి.